స్టిక్కర్ మీద 25 ఉంటే 25 ఎంఎల్ కాదు: టూ టీ ఆయిల్ కలిపే పద్ధతి

గడ్డి కోసే మిషన్ ట్యాంకు దగ్గర 25:1 అని స్టిక్కర్ ఉంటుంది. అది చూసి చాలామంది లీటరు పెట్రోల్‌కి 25 ఎంఎల్ టూ టీ ఆయిల్, అంటే టూ స్ట్రోక్ ఇంజిన్ కోసం పెట్రోల్‌లో కలిపే ఆయిల్, పోస్తారు. తప్పు. పోయాల్సింది 40. ఇంకో మిషన్ మీద 50:1 అని ఉంటుంది. దానికి 50 ఎంఎల్ పోస్తారు. అదీ తప్పే, దానికి 20 చాలు. ఇంజిన్ పట్టేసి మా షాపుకొచ్చే మిషన్లలో చాలావాటికి జబ్బు ఈ లెక్క దగ్గరే మొదలవుతుంది.

ఆ అంకె ఎంఎల్ లెక్క కాదు. ఒక వంతు ఆయిల్‌కి ఎన్ని వంతుల పెట్రోల్ అనేది. లీటరు అంటే 1000 ఎంఎల్. 1000ని స్టిక్కర్ మీది అంకెతో భాగించండి. ఎంత వస్తే లీటరు పెట్రోల్‌కి అంత ఆయిల్.

20:1 ఉంటే లీటరుకి 50 ఎంఎల్
25:1 ఉంటే 40 ఎంఎల్
30:1 ఉంటే 33 ఎంఎల్
40:1 ఉంటే 25 ఎంఎల్
50:1 ఉంటే 20 ఎంఎల్

అంకె పెద్దదయ్యేకొద్దీ ఆయిల్ తగ్గుతుంది. కొన్ని మిషన్ల మీద 1:25 అని తిరగేసి రాస్తారు, రెండూ ఒకటే. కొన్నిటి మీద 4% అనో 2% అనో ఉంటుంది. 4% అంటే లీటరుకి 40, 2% అంటే 20. ఇది సులువు.

ఈ రెండు తప్పుల్లో ఒకటి పొగతో పోతుంది, ఒకటి మిషన్ని తినేస్తుంది. 50:1 మిషన్‌కి 50 ఎంఎల్ పోసినవాడికి తెల్లటి పొగ, నల్లబడ్డ ప్లగ్గు, పికప్ లేదన్న గొడవ. శుభ్రం చేస్తే తిరిగి దారిలో పడుతుంది. 25:1 మిషన్‌కి 25 ఎంఎల్ పోసినవాడికి మొదట్లో అంతా బాగానే ఉంటుంది. పొగ కూడా రాదు. ‘చూశావా, ఎంత క్లీన్‌గా నడుస్తోందో’ అంటాడు. ఎండలో గట్టి గడ్డి మీద ఆపకుండా నడిపిన రోజు పిస్టన్ బోరుకి, అంటే అది పైకీ కిందికీ ఆడే గొట్టానికి, అంటుకుంటుంది. పిస్టన్, బోరు కిట్ వేయాలంటే ఆ డబ్బుతో రెండు మూడు సీజన్ల ఆయిల్ వస్తుంది.

మాది అశ్వారావుపేట. చుట్టూ పామాయిల్ తోటలు, వాటి నీడలో కోకో. సత్తుపల్లి వైపు మామిడి, భద్రాచలం వైపు పేపర్ మిల్లుకి వెళ్లే జామాయిల్, సుబాబుల్. అందుకని గడ్డి కోసే బ్రష్ కట్టర్లు, మిరపకి మందు కొట్టే తైవాన్ స్ప్రేయర్లు, చెట్లు కోసే రంపం మిషన్లు అన్నీ నా దగ్గరికి వస్తాయి. అంతకుముందు స్కూటర్లు చేసేవాణ్ణి. అప్పట్లో చేతక్ ఉన్న ప్రతివాడికీ టూ టీ ఆయిల్ సంగతి తెలుసు. తెలియకపోయినా బంకులో కుర్రాడే పక్కనున్న ఆయిల్ పంపు కొట్టి పోసేవాడు. ఇప్పుడు బైకులు, ఆటోలు అన్నీ ఫోర్ స్ట్రోక్. పాతికేళ్ల కుర్రాడు టూ స్ట్రోక్ ఇంజిన్ని మొదటిసారి చూసేది గడ్డి మిషన్ కొన్నప్పుడే. మిషన్ అమ్మినవాడు బిల్లు కొట్టి పంపుతాడే గానీ ఇవన్నీ కూర్చోబెట్టి చెప్పడు.

అసలు ఆయిల్ ఎందుకు కలపాలి? బైకు ఇంజిన్‌కి అడుగున ఆయిల్ వేరేగా ఉంటుంది, అదే తిరుగుతూ ఉంటుంది. టూ స్ట్రోక్‌లో ఆ ఏర్పాటు లేదు. కార్బొరేటర్ నుంచి వచ్చిన పెట్రోల్, గాలి ముందు క్రాంక్ తిరిగే గదిలోకి వెళ్లి, అక్కణ్ణుంచి పిస్టన్ పైకి ఎక్కుతాయి. ఆ దారిలోనే క్రాంక్ బేరింగులు, కనెక్టింగ్ రాడ్ బేరింగులు, పిస్టన్, బోరు గోడలు తడవాలి. తడిపిన ఆయిల్ పెట్రోల్‌తో పాటే కాలి సైలెన్సర్ లోంచి పోతుంది. మళ్లీ వెనక్కి రాదు. రంపం మిషన్ ఫుల్ రేసులో నిమిషానికి 10 వేల చుట్లకు పైగా తిరుగుతుంది. ఆ వేగంలో తడి తగ్గితే పిస్టన్ వేడెక్కి ఉబ్బుతుంది, దాని అల్యూమినియం బోరు గోడకి పూసుకుపోతుంది. దాన్నే మేం పట్టేసింది అంటాం.

ఆయిల్ కొనేముందు మీ మిషన్ టూ స్ట్రోకేనా చూడండి. బ్రష్ కట్టర్లన్నీ టూ స్ట్రోక్ అనుకోవద్దు. హోండా జీఎక్స్35 ఇంజిన్ ఉన్నవి ఫోర్ స్ట్రోక్. వాటికి పెట్రోల్ ట్యాంకు కాక ఇంజిన్‌కి వేరే ఆయిల్ మూత ఉంటుంది. అందులో 100 ఎంఎల్ ఇంజిన్ ఆయిల్, ట్యాంకులో ఉత్త పెట్రోల్. దానికి టూ టీ కలిపితే ప్లగ్గు పాడవుతుంది. దీనికి తిరకాసుగా స్టిల్ కంపెనీ వాళ్ల 4-మిక్స్ ఇంజిన్ ఒకటుంది. అది ఫోర్ స్ట్రోకే, కానీ దానికి వేరే ఆయిల్ గది లేదు, కలిపిన పెట్రోలే పోయాలి. కాబట్టి పేరు చూసి కాదు, ఇంజిన్‌కి వేరే ఆయిల్ మూత ఉందా లేదా చూసి, పుస్తకం తిరగేసి నిర్ణయించుకోండి. రంపం మిషన్‌కి మాత్రం రెండు మూతలుంటాయి. పెట్రోల్ పంపు బొమ్మ ఉన్నది కలిపిన పెట్రోల్‌కి. ఆయిల్ చుక్క, చైను బొమ్మ ఉన్నది చైన్ ఆయిల్‌కి, దానికీ ఇంజిన్‌కీ సంబంధం లేదు. చైన్ ఆయిల్ పోశాను కదా అని ట్యాంకులో ఉత్త పెట్రోల్ పోసినవాళ్లున్నారు.

ఏ ఆయిల్ అంటే, డబ్బా మీద టూ టీ అని ఉంటే సరిపోదు. వెనక లేబుల్ మీద జాసో (JASO) అనే జపాన్ నాణ్యతా ప్రమాణం ముద్ర, పక్కన ఎఫ్‌బి, ఎఫ్‌సి, ఎఫ్‌డి లలో ఒకటి ఉంటుంది. ఎఫ్‌సి తక్కువ పొగ ఇచ్చేది. ఎఫ్‌డి దాని పైది, మసి ఇంకా తక్కువ పడుతుంది. రోజంతా మిషన్ నడిపేవాళ్లు ఎఫ్‌డి కొనుక్కోండి, వారానికోసారి ఇంటి ముందు గడ్డి కోసుకునేవాళ్లకి ఎఫ్‌సి చాలు. టీసీ-డబ్ల్యు3 అని ఉన్నది పడవ మోటార్ల ఆయిల్. ఆ ఇంజిన్లు నీళ్లతో చల్లబడతాయి, మన మిషన్లు గాలితో. గాలితో చల్లబడే ఇంజిన్ వేడికి అది తట్టుకోదు. బైకు ఇంజిన్ ఆయిల్, ట్రాక్టర్ ఆయిల్ అసలు ముట్టుకోవద్దు. ‘ఆయిల్ ఆయిలే కదన్నా’ అంటారు. కాదు. ఆ ఆయిల్ కాలిపోవడానికి చేసింది కాదు. కాలితే బూడిద, మసి మిగిల్చి ప్లగ్గునీ, రింగుల్నీ పట్టేస్తుంది. సర్వీస్ చేసినప్పుడు తీసిన నల్ల ఆయిల్ పోసిన మిషన్ కూడా చూశాను. దాని సైలెన్సర్ విప్పితే లోపల తారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. స్టిల్ వాళ్ల చాలా మాన్యువళ్లలో తమ ఆయిల్‌తో అయితే 50:1, వేరే కంపెనీ ఆయిల్‌తో అయితే 25:1 అని రాస్తారు. హస్క్‌వర్నా వాళ్లు తమదైతే 50:1, వేరేదైతే 33:1 అంటారు. అంటే మీరు ఆయిల్ మారిస్తే లెక్క కూడా మారాలి. స్టిక్కర్ మీద 50 చూసి, బజార్లో దొరికిన ఏదో ఆయిల్ 20 ఎంఎల్ పోస్తే కంపెనీ చెప్పినట్టు చేసినట్టు కాదు. వారంటీ ఉన్నన్నాళ్లు పుస్తకంలో ఉన్నదే చేయండి. తైవాన్ స్ప్రేయర్లు, తక్కువ ధర బ్రష్ కట్టర్లలో చాలావాటికి 25:1 అనో 30:1 అనో ఉంటుంది. వాటికి మంచి ఆయిల్ పోస్తున్నాం కదా అని 50:1కి తగ్గించేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ బేరింగులు, ఆ బోరు ఆ లెక్కకి చేసినవి. మిగిలేది మహా అయితే లీటరుకి 20 ఎంఎల్ ఆయిల్, అంతే.

అలాగని కంపెనీ చెప్పిన దానికి రెట్టింపు పోస్తే మంచిదనుకోవద్దు. ఎక్కువైన ఆయిల్ సైలెన్సర్‌లోకి పొగ వెళ్లే రంధ్రం దగ్గర మసి కడుతుంది, సైలెన్సర్ జాలీ పూడిపోతుంది. అప్పుడు రేసు ఇస్తే మిషన్ ఆవులిస్తుంది.

పెట్రోల్ సంగతి ఇప్పుడు మునుపటిలా లేదు. 2025 నాటికి బంకుల్లో అంతటా వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. చిన్న ఇంజిన్ల మాన్యువళ్లలో చాలావాటిలో 10 శాతం దాకానే పర్లేదని ఉంటుంది. ఇథనాల్‌తో మనకొచ్చే ఇబ్బందులు మూడు. మొదటిది, గాలిలోని తేమని అది లాక్కుంటుంది. తేమ హద్దు దాటితే నీళ్లు, ఇథనాల్ కలిసి అడుగుకి దిగిపోతాయి. ఆయిల్ మాత్రం పైనున్న పెట్రోల్‌తోనే ఉండిపోతుంది. మిషన్ ట్యాంకులో పెట్రోల్ పీల్చే ఫిల్టర్ ఎక్కడుంటుంది? అడుగున. అంటే అది ముందు పీల్చేది ఆయిల్ లేని నీళ్ల ఇథనాల్నే. మీరు ఆయిల్ ఎంత కొలిచి పోసినా దండగే. రెండోది, పాత మిషన్లలో పెట్రోల్ పైపులు, కార్బొరేటర్ లోపలి పలచటి రబ్బరు పొర గట్టిపడతాయి లేదా ఉబ్బుతాయి. మూడోది, ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే కార్బొరేటర్ సెట్టింగ్ మీద ఇంజిన్ కొంచెం ఎక్కువ వేడిగా నడుస్తుంది. ఇథనాల్ ఉందని ఆయిల్ లెక్క మార్చనక్కర్లేదు. తాజా పెట్రోల్ కొద్దికొద్దిగా తెచ్చుకోవడం, ట్యాంకులో నిల్వ ఉంచకపోవడం, పైపులు పగిలాయేమో అప్పుడప్పుడు చూసుకోవడం, మన చేతిలో ఉన్నవి ఇవే.

విడి పెట్రోల్ బంకుల్లో వాటర్ బాటిల్‌లో పోయరు, పోయకపోవడమే మంచిది. మూత గట్టిగా పట్టే ఇనుప క్యానో, పెట్రోల్ కోసమే చేసిన క్యానో ఒకటి కొనుక్కోండి. పురుగుమందు డబ్బా కడిగి వాడొద్దు. ఎంత కడిగినా అడుగున మందో నీళ్లో మిగులుతాయి. కూల్‌డ్రింక్ సీసాలో అయితే ఇంకా భయం, రంగు నీళ్లలా కనిపించి పిల్లలు తాగేస్తారు. బైకు ట్యాంకులోంచి పైపు పెట్టి నోటితో లాగే అలవాటు కూడా మానండి. ఆ పెట్రోల్ ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఆసుపత్రే.

కొలవడానికి నేను చెప్పేది మందుల షాపులో దొరికే 20 ఎంఎల్ సిరంజి, సూది లేకుండా. 50:1కి లీటరుకి ఒక సిరంజి, 25:1కి రెండు. ఇంతకన్నా సులువు లేదు. ‘నాలుగు మూతలు పోస్తానన్నా’ అనేవాళ్లని ఏ డబ్బా మూత అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మూత చూపిస్తారు.

కలపడం మిషన్ ట్యాంకులో కాదు, క్యాన్‌లో. ట్యాంకులో పెట్రోల్ పోసి పైన ఆయిల్ పోస్తే, ఆయిల్ బరువు ఎక్కువ కాబట్టి అడుగుకి దిగుతుంది. ఫిల్టర్ ముందు చిక్కటి ఆయిల్ని లాగుతుంది, మిషన్ స్టార్ట్ కాదు. తాడు లాగి లాగి చెయ్యి పోతుంది. ఎలాగో స్టార్ట్ అయ్యాక మిగిలేది ఆయిల్ తక్కువైన పెట్రోల్. అందుకని క్యాన్‌లో ముందు సగం పెట్రోల్ పోయండి. కొలిచిన ఆయిల్ మొత్తం వేయండి. మూత బిగించి బాగా ఊపండి. తర్వాత మిగతా పెట్రోల్ పోసి మళ్లీ ఊపండి. కొందరు ఆయిల్ ముందు పోసి పైన పెట్రోల్ పోస్తారు, దానివల్లా నష్టం లేదు, ఊపడమే ముఖ్యం. ఊపాక మూత కొంచెం వదులు చేసి లోపలి గాలి బయటికి వదిలి మళ్లీ బిగించండి.

టూ టీ ఆయిల్‌కి కంపెనీలు రంగు వేస్తాయి. కొన్ని ఎరుపు, కొన్ని నీలం, కొన్ని ఆకుపచ్చ. కలిపిన పెట్రోల్‌కి ఆ ఛాయ వస్తుంది కాబట్టి కలిపిందేదో ఉత్తదేదో కంటికి తెలుస్తుంది. అయినా క్యాన్ మీద మార్కర్‌తో రాయండి: ఏ మిషన్‌ది, లీటరుకి ఎంత, ఏ తేదీన కలిపారు. మిషన్ నడిపేది మీరు కాకపోవచ్చు, కూలీకి వచ్చిన మనిషి కావచ్చు. 25:1 స్ప్రేయర్, 50:1 రంపం రెండూ ఉన్నవాళ్లు రెండు క్యాన్లు పెట్టుకోండి. ఒక్క క్యానే కుదురుతుందంటే ఆయిల్ ఎక్కువ ఉన్న లెక్కే పాటించండి. రంపానికి కొంచెం పొగ వస్తుంది, ప్లగ్గు తరచుగా తుడవాలి. పట్టేయడం కన్నా నయం.

పోసేటప్పుడు ప్రతిసారీ క్యాన్‌ని ఊపి, జాలీ ఉన్న గరాటుతో పోయండి. వేడి మీదున్న ఇంజిన్‌లో పోయకండి, పది నిమిషాలు ఆగండి. ట్యాంకు మూత ఒక్కసారిగా తిప్పితే లోపలి ఆవిరితో పెట్రోల్ చిమ్ముతుంది, మెల్లగా తిప్పాలి. మూత చుట్టూ ఉన్న మట్టి, గడ్డి ముందే తుడవండి. బీడీ సంగతి వేరే చెప్పక్కర్లేదు. పోసిన చోటే స్టార్ట్ చేయకుండా పది అడుగులు అవతలికి తీసుకెళ్లి స్టార్ట్ చేయండి.

కలిపిన పెట్రోల్‌కి ఆయుష్షు నెల రోజులని మాన్యువళ్లు చెబుతాయి. మన ఎండలకి, వానాకాలం తేమకి, ఇప్పటి పెట్రోల్‌కి నేను పదిహేను రోజులే అంటాను. వారంలో అయిపోయేంత కలుపుకోండి. ఐదు లీటర్లు కలిపి పెడితే పని తప్పుతుందనుకుంటారు. వానలు పడి తోటలోకి వెళ్లలేక అది అక్కడే కూర్చుంటుంది. పాతబడింది వార్నిష్ వాసన కొడుతుంది. దాన్ని బైకులో పోయొద్దు, కాలవలో పారబోయొద్దు. దగ్గర్లో ఉన్న మెకానిక్‌కి ఇస్తే సామాన్లు కడుక్కుంటాడు.

సీజన్ అయిపోయి మిషన్ మూల పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, మిషన్ స్టార్ట్ చేసి దానంతట అదే ఆగిపోయేదాకా వదిలేయండి. అప్పుడు కార్బొరేటర్‌లో కూడా ఏమీ మిగలదు. ప్లగ్గు విప్పి బోరులో నాలుగు చుక్కల టూ టీ ఆయిల్ వేసి, తాడు రెండు మూడుసార్లు మెల్లగా లాగి, ప్లగ్గు బిగించేయండి. మిరపకి మందు కొట్టడం అయిపోయాక స్ప్రేయర్‌ని అలాగే వదిలేసి, మళ్లీ వానాకాలంలో తాడు లాగితే రావట్లేదని తెచ్చేవాళ్లలో ఎక్కువమందికి చేయాల్సింది కార్బొరేటర్ శుభ్రమే. ఇది చేసుంటే ఆ ఖర్చు లేదు.

లెక్క సరిగ్గా ఉందో లేదో ప్లగ్గు చెబుతుంది. కాసేపు పని చేయించాక ఆపి, చల్లారాక విప్పి చూడండి. లేత కాఫీ రంగులో పొడిగా ఉంటే బాగున్నట్టు. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ ఎక్కువైనా అయ్యుండాలి, ఎయిర్ ఫిల్టర్ పూడిపోయినా ఉండాలి. ముందు ఫిల్టర్ కడగండి. సున్నంలా తెల్లగా ఉంటే ఇంజిన్ అతి వేడిగా నడుస్తోంది. ఎక్కడో గాలి లీకు ఉండొచ్చు, కార్బొరేటర్ సెట్టింగ్ తప్పి ఉండొచ్చు. అప్పుడు ఆయిల్ పెంచితే తగ్గదు, మిషన్ ఆపి చూపించండి.

పొరపాటున ఉత్త పెట్రోల్ పోశారని మధ్యలో తెలిస్తే, ఈ చాలు పూర్తి చేసి ఆపుదామనుకోవద్దు, వెంటనే ఆపండి. చల్లారాక ట్యాంకు ఖాళీ చేసి కలిపిన పెట్రోల్ పోసి, స్టార్ట్ చేయకుండా తాడు మెల్లగా లాగండి. ఎప్పటిలా బిగువుగా వస్తే స్టార్ట్ చేసి కాసేపు రేసు ఇవ్వకుండా తిరగనివ్వండి. ఎక్కడైనా గీరుకున్నట్టు తగిలినా, మరీ వదులుగా వచ్చినా లాగడం మానేయండి. సైలెన్సర్ విప్పితే పొగ బయటికి వచ్చే రంధ్రంలోంచి పిస్టన్ కనిపిస్తుంది. నున్నగా ఉంటే అదృష్టం. నిలువు గీతలుంటే బోరు పోయినట్టే. బిగుసుకుపోయిన ఇంజిన్ని స్పానర్ పెట్టి తిప్పకండి. పిస్టన్ ఒక్కటి మారిస్తే పోయేది, బోరూ రాడ్డూ కూడా మార్చాల్సి వస్తుంది.

మిషన్ రిపేరుకి తెచ్చేటప్పుడు ఆ క్యాన్ కూడా తీసుకురండి. తెల్ల కాగితం మీద అందులోది ఒక చుక్క వేస్తాను. పెట్రోల్ ఆరిపోయాక జిడ్డు మరక మిగిలితే ఆయిల్ కలిపినట్టు, ఏమీ మిగలకపోతే కలపనట్టు. ఇది మీరు ఇంట్లో కూడా చేసుకోవచ్చు, పొయ్యికి దూరంగా.